మెయిల్ ఫిల్టర్లు, 4వ పాఠం: 'ఆఫర్' అన్న మాటకు డిలీట్ పెట్టకండి

ఈసారి ప్లస్ గుర్తుతో మారు చిరునామాలు (ఒకే మెయిల్ చిరునామాకు వేర్వేరు రూపాలు) చేసుకోవడం గురించి చెప్పవలసి ఉంది. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం తర్వాత జీమెయిల్‌లో సొంతంగా ఫిల్టర్లు (వచ్చే ఉత్తరాలను మనం చెప్పిన గుర్తును బట్టి తీసేసే, వేరుపెట్టే నియమాలు) పెట్టుకున్నవారిలో పలువురు ఒకే ఇబ్బందిలో పడ్డారు. ముందు అది తీరాలి. ఒక తండ్రి ప్రకటనల బెడద వదిలించుకోవడానికి 'ఆఫర్' అన్న మాటకు డిలీట్ ఫిల్టర్ పెట్టారు. కూతురు ఉద్యోగ దరఖాస్తులో ఇచ్చింది ఆ తండ్రి మెయిల్ చిరునామాయే. కంపెనీ పంపిన ఆఫర్ లెటర్ నేరుగా ట్రాష్‌లోకి వెళ్లింది. జవాబు ఎందుకు ఇవ్వలేదని కంపెనీవారు ఫోను చేసేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

మీరూ అలాంటి ఫిల్టర్ పెట్టి ఉంటే, పాఠం ఇక్కడ ఆపి ట్రాష్ తెరవండి. అక్కడ చేరిన ఉత్తరం 30 రోజులే ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ దొరకదు. మామూలుగా వెతికితే ట్రాష్‌లోనివి కనిపించవు. వెతికే పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో ఇన్:ట్రాష్ అని ఖాళీ లేకుండా రాసి, పక్కన మీ ఫిల్టర్‌లోని మాట రాయండి. కావలసినవాటిని ఇన్‌బాక్స్‌కు తెచ్చుకుని, సెట్టింగ్స్‌లో 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్‌డ్ అడ్రసెస్' పేజీకి వెళ్లి ఆ ఫిల్టర్‌ను తీసేయండి. ఇవన్నీ కంప్యూటర్‌లో చేయాలి. ఫోనులోని జీమెయిల్ యాప్‌లో ఫిల్టర్ తయారుచేయడం కుదరదు. ఒకసారి పెట్టిన ఫిల్టర్ మాత్రం ఫోనులో చూసే ఉత్తరాలకూ వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఫిల్టర్ తయారుచేసేటప్పుడు 'హాజ్ ద వర్డ్స్' గడిలో రాసిన మాటను జీమెయిల్ ఉత్తరం అంతటా వెతుకుతుంది. అది శీర్షికలో ఉన్నా, అడుగున సన్నని అక్షరాల్లో ఉన్నా ఒకటే. ఏ సందర్భంలో వచ్చిందో ఫిల్టర్ చూడదు. 'లోన్' అన్న మాటనే తీసుకోండి. ఎన్నడూ పేరు వినని సంస్థలు క్షణాల్లో అప్పు ఇస్తామంటూ పంపే ఉత్తరాల్లో అది ఉంటుంది. మీ ఇంటి అప్పు మీద కట్టిన వడ్డీకి బ్యాంకు పంపే ధ్రువపత్రంలోనూ ఉంటుంది. పన్ను రిటర్ను వేసే రోజుల్లో ఆ పత్రం కోసం ఇల్లంతా వెతికినా లాభం ఉండదు, ఎందుకంటే అప్పటికి 30 రోజులు దాటిపోయి ఉంటాయి. 'ప్లాట్' అని పెడితే వెంచర్ల ప్రకటనలతో పాటు మీ స్థలం గురించి లాయరు పంపిన దస్తావేజు నకలూ పోతుంది. 'విన్నర్' అని పెడితే పిల్లల పోటీ ఫలితాలు పోతాయి. 'కార్డ్' అని పెడితే ఏమేం పోతాయో మీరే ఊహించండి.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించే సలహా ఒకటి ఉంది. ప్రకటనల అడుగున 'అన్‌సబ్‌స్క్రైబ్' అని ఉంటుంది కాబట్టి ఆ మాటకు డిలీట్ పెడితే ఇన్‌బాక్స్ శుభ్రమవుతుందని చెబుతుంటారు. ఉద్యోగాల వెబ్‌సైటు ద్వారా వచ్చే ఇంటర్వ్యూ పిలుపు అడుగున ఆ మాట ఉండవచ్చు. మీరు డబ్బు కట్టి చేరిన కోర్సు నుంచి వచ్చే పరీక్ష తేదీ అడుగున ఉండవచ్చు. ఎవరు చెప్పినా ఈ సలహా పాటించకండి.

కొందరు ఇంకో ఫిల్టర్ పెట్టి మొదటిదాన్ని సరిదిద్దాలని చూశారు. బ్యాంకు ఉత్తరాలకు లేబుల్ (ఉత్తరాలను వేరుగా గుర్తించే చీటీ లాంటి పేరు) తగిలించే ఫిల్టర్ పెట్టి, 'లోన్' డిలీట్ ఫిల్టర్‌ను అలాగే ఉంచారు. జీమెయిల్ ఫిల్టర్లకు ముందు వెనుకలు లేవు. ఉత్తరానికి ఎన్ని సరిపోతే అన్నీ పనిచేస్తాయి. లేబుల్ పడుతుంది, ఉత్తరమూ ట్రాష్‌కు పోతుంది. మినహాయింపు కావాలంటే అదే ఫిల్టర్ లోపల రాయాలి.

అసలు ఫిల్టర్ ఎవరి కోసం? మోసగాళ్ల కోసం పెట్టి ప్రయోజనం లేదు. వాళ్లు చిరునామా మారుస్తూనే ఉంటారు, నిన్నటి ఫిల్టర్ నేటి ఉత్తరాన్ని పట్టుకోదు. వాటిని 'రిపోర్ట్ స్పామ్' నొక్కి వదిలేయండి. మీరు ఎప్పుడో వస్తువు కొన్న దుకాణం నుంచి వచ్చే ప్రకటనలకూ ఫిల్టర్ అక్కరలేదు. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు పంపేవారు తమ ప్రచార ఉత్తరాల్లో ఒక్క నొక్కుతో చందా రద్దు చేసుకునే వీలు ఇవ్వాలని గూగుల్ 2024లో నియమం పెట్టింది. పంపినవారి పేరు పక్కన కనిపించే 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కితే సరిపోతుంది. ఇక మిగిలేవి మీకు కావలసినవే అయినా వచ్చిన వెంటనే చూడనక్కరలేని ఉత్తరాలు: కరెంటు బిల్లు రసీదులు, మ్యూచువల్ ఫండ్ వివరాలు, అపార్టుమెంటు సంఘం సమాచారం. ఫిల్టర్ వీటి కోసమే.

పద్ధతి చిన్నది. అలాంటి ఉత్తరం ఒకటి తెరిచి, మూడు చుక్కలు నొక్కి, 'ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీస్' ఎంచుకోండి. 'ఫ్రమ్' గడి పంపినవారి చిరునామాతో దానంతట అదే నిండుతుంది. చేతితో రాయడం కంటే నాకు ఇదే నచ్చుతుంది, అక్షర దోషాలకు తావుండదు. తర్వాత 'స్కిప్ ద ఇన్‌బాక్స్', 'అప్లై ద లేబుల్' రెండూ టిక్ చేయండి. లేబుల్‌కు తెలుగు పేరు పెట్టుకోవచ్చు. నాది 'తీరికగా'. 'మార్క్ యాజ్ రెడ్' నేను ఎప్పుడూ పెట్టను. చదవనివి ఎన్ని పేరుకున్నాయో కనిపిస్తూ ఉండాలి.

'ఫ్రమ్' గడిలో బ్యాంకు పేరు ఒక్కటే రాసి 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' పెట్టినవారు దాన్ని ఇవాళే మార్చండి. ఆ గడి చిరునామాతో పాటు పంపినవారు తమకు తాము పెట్టుకున్న పేరును కూడా చూస్తుంది. మీ బ్యాంకు పేరు తగిలించుకున్న మోసగాడి ఉత్తరానికీ మీరే తలుపు తెరిచినట్లవుతుంది. పూర్తి చిరునామా రాయండి. అది కూడా పాత ఉత్తరం చూసి రాయకండి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా తమ డొమైన్లను (మెయిల్ చిరునామాలో @ గుర్తు తర్వాతి భాగం) బ్యాంక్.ఇన్ కిందికి మార్చుకోవలసి వచ్చింది. ఆ డొమైన్‌ను నమోదు చేసే అధికారం హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీకి మాత్రమే ఉంది, బ్యాంకు కానివారు దాన్ని తీసుకోలేరు. మీ బ్యాంకు నుంచి ఇటీవల వచ్చిన ఉత్తరం తెరిచి చిరునామా సరిచూసుకోండి.

అభ్యాసం ఈసారి పెద్దదే, ఒక ఆదివారం పడుతుంది. మీ ఫిల్టర్లన్నిటినీ కాగితం మీద రాయండి. ఒక్కోదానికి 'ఎడిట్' నొక్కి, మార్పు చేయకుండా 'సెర్చ్' నొక్కండి. వచ్చిన ఫలితాల్లో ఏడాది వెనక్కి ప్రతి శీర్షికా చదవండి. ఇలా వెతికినప్పుడు ట్రాష్, స్పామ్ రావు. అందుకే అదే వెతుకులాటకు ఇన్:ఎనీవేర్ జోడించి మరోసారి చూడండి. కావలసిన ఉత్తరం ఒక్కటి తగిలినా ఆ ఫిల్టర్ పక్కన అడ్డగీత పెట్టి, దాన్ని చిరునామాతో తిరిగి రాయండి. డిలీట్ ఉన్న ప్రతి ఫిల్టర్‌నూ లేబుల్‌గా మార్చి రెండు నెలలు గమనించండి. ఆ కాగితం దాచుకోండి. వచ్చే పాఠంలో ఏ దుకాణానికి ఏ మారు చిరునామా ఇవ్వాలో దాన్ని చూసే నిర్ణయిస్తాం.