అన్నయ్య పరిహారంలో ఎవరి వాటా ఎంత

లారీ గుద్ది అన్నయ్య పోయినప్పుడు, డబ్బంతా వదినకే వస్తుందనుకున్నాం. అలా కాదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసేటప్పుడే వదిన, ఇద్దరు పిల్లలు, అమ్మ, నలుగురి పేర్లూ రాయించండి. అమ్మ పేరెందుకని మొదట వదిన వైపువాళ్లు గొణిగారు.

నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. పెళ్లయినవాడి మీద ఇద్దరు ముగ్గురు ఆధారపడితే, అతని సొంత ఖర్చుల కింద సంపాదనలో మూడో వంతు తీసేస్తారు. నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతే. 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో చెప్పిన లెక్క ఇది. నెల సంపాదన 20,000 అనుకుంటే, ముగ్గురుంటే ఇంటికి మిగిలేది 13,333, నలుగురుంటే 15,000. అమ్మ చేరితే మొత్తమే పెరుగుతుంది. వదిన ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

వాటాలు సమానంగా ఉండాలనేం లేదు. ఎవరెంత ఆధారపడ్డారో చూసి ట్రిబ్యునలే తేలుస్తుంది. మామూలుగా భార్యకు ఎక్కువ. పిల్లల వాటా మైనారిటీ తీరేదాకా బ్యాంకు డిపాజిట్‌లో ఉంటుంది. చదువులకు వడ్డీ తల్లి తీసుకునేలా ముందే అడగండి.

పేర్లు సరిచూసుకోండి. పాస్‌బుక్‌లో అమ్మకు ఇంటిపేరుంది, ఆధార్‌లో లేదు. ఆ ఒక్క ముక్కకే ఆమె సొమ్ము రెండు నెలలు ఆగింది.