కణం తగ్గితే కండె ఎంత తగ్గుతుంది? (పాఠం 5)

కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములను రెండు పక్కలకు లాగే నిర్మాణమే కండె (స్పిండిల్); కణం చిన్నదైతే అది ఎంత చిన్నదవుతుందన్నది ఈ పాఠం. ముందుగా, చీలిన కణం వ్యాసం ఎంతవుతుందని గత పాఠంలో అడిగిన లెక్క: వచ్చిన జవాబులు ఎక్కువగా ఒకే చోట దారి తప్పాయి: కణం రెండుగా చీలగానే వ్యాసం కూడా సగమవుతుందని రాశారు. సగమయ్యేది ఘనపరిమాణం, వ్యాసం సుమారు 0.79 వంతుకు మాత్రమే దిగుతుంది. ఘనమూలాల జోలికి పోకుండా నేనైతే విభజనలను మూడేసి చొప్పున లెక్కపెడతాను, ఎందుకంటే మూడు విభజనలకు వ్యాసం సరిగ్గా సగమవుతుంది. జెనోపస్ లేవిస్ కప్ప అండం వ్యాసం సుమారు 1200 మైక్రోమీటర్లు. తొలి దశలో పిండం పెరగకుండానే చీలుతుంది కనుక, 12 సమాన విభజనల తర్వాత 4096 కణాలు, ఒక్కొక్కటి 75 మైక్రోమీటర్లు అనుకోవచ్చు.

తొలి విభజనల్లో కండె పొడవు సుమారు 60 మైక్రోమీటర్లు, అంటే అండంలో ఇరవయ్యో వంతు. అదే నిష్పత్తి కొనసాగితే 75 మైక్రోమీటర్ల కణంలో కండెకు 4 మైక్రోమీటర్లు కూడా మిగలవు. కానీ అలా జరగదు: 2008లో ప్రచురితమైన కొలతల ప్రకారం పెద్ద కణాల్లో కండె ఒక గరిష్ఠ పొడవు దగ్గర ఆగిపోతుంది. కణాలు బాగా చిన్నవయ్యాకే వాటితోపాటు కుదించుకుపోతుంది.

ఇక నాకు విసుగు పుట్టించే ప్రశ్న: "కణద్రవ్యం గాఢత మారనప్పుడు కండె ఎందుకు మారాలి?" 2013లో కప్ప అండాల కణద్రవ్యాన్ని నూనెలో చిన్నా పెద్దా బిందువులుగా చేసి చూశారు. ద్రవం ఒక్కటే అయినా చిన్న బిందువుల్లో కండెలు పొట్టిగా ఏర్పడ్డాయి. గాఢత వేరు, మొత్తం సరుకు వేరు. ఒకే పెరుగును చెంబులోనూ కుండలోనూ చిలికితే చిక్కదనం సమానమే, వెన్నముద్దలు మాత్రం సమానం కావు. కండె సూక్ష్మనాళికలనే సన్నని గొట్టాలతో కట్టింది, ఆ గొట్టాలకు ఇటుకల్లాంటి ప్రొటీన్ ట్యుబ్యులిన్. చిన్న బిందువులో కండె కట్టేకొద్దీ ట్యుబ్యులిన్ వంటి ప్రొటీన్లు ఖర్చై, మిగిలిన ద్రవంలో వాటి గాఢత పడిపోతుంది, దాంతో పెరుగుదల ఆగుతుంది. పెద్ద కణంలో ఆ లోటు తెలియదు. అక్కడ హద్దు పెట్టేది సూక్ష్మనాళికలు పెరిగి విరిగే తీరు. కాబట్టి "గాఢత సమానం" అన్న మాట వినగానే, కండె కట్టకముందా, కట్టాకనా అని అడగండి.

అభ్యాసం: 60 మైక్రోమీటర్ల వ్యాసమున్న బిందువును రెండు గాజుపలకల మధ్య 20 మైక్రోమీటర్ల మందం గల బిళ్లగా నొక్కారు. బిళ్ల వ్యాసమెంత? కండెకు అవసరమైనంత చోటు అందులో ఉందనుకుంటే, దాని పొడవు మారుతుందా? సూత్రం ఒక్కటి రాసి ఊరుకోకుండా, కారణాన్ని రెండు పూర్తి వాక్యాల్లో రాయండి.