సూది మీదే, మరి ఆ గ్లాసులో నీళ్లు ఎవరివి?

2025 మార్చిలో కేరళ మలప్పురం జిల్లా వళాంచేరిలో, మత్తు ఇంజెక్షన్లు తీసుకునే ఒకే గుంపులో పదిమంది దాకా హెచ్‌ఐవీ బయటపడింది. అంతకు ముందు ఏడాది త్రిపురలో 828 మంది విద్యార్థులకు వచ్చిందన్న వార్త ఫోన్లన్నీ చుట్టేసింది. అది ఒక్క ఏడాది లెక్క కాదు, 2007 నుంచి పోగైన లెక్క. అయినా చిన్న సంఖ్యేం కాదు.

ఒకరి సూది ఇంకొకరు వాడకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. కౌన్సెలింగ్‌లో నా ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ జాగ్రత్త పడ్డవాళ్లే. "మేడమ్, ఒట్టు, నా సిరంజి ఎవరికీ ఇవ్వలేదు" అన్నాడు ఒక కుర్రాడు. ఇవ్వలేదు, నిజమే. మందు కలిపింది మాత్రం నలుగురూ ఒకే చెంచాలో. వడకట్టింది ఒకే దూదితో. సిరంజిలు కడిగింది ఒకే స్టీలు గ్లాసులో. ఆఖరివాడి వంతు వచ్చేసరికి నీళ్లు లేత గులాబీ రంగుకి తిరిగేవట. "రక్తమని తట్టలేదా?" అంటే తల దించుకున్నాడు.

తప్పంతా అక్కడే ఉంది. నరం దొరికిందో లేదో చూడ్డానికి పిస్టన్ వెనక్కి లాగితే రక్తం సిరంజిలోకి వస్తుంది. కడిగితే నీళ్లలోకి, ఆ నీళ్ల నుంచి పక్కవాడి సిరంజిలోకి చేరుతుంది. బయట ఆరిపోతే ఈ వైరస్ ఎంతోసేపు నిలవదు గానీ, సిరంజి లోపల రోజులు, ఒక్కోసారి వారాలు బతికే ఉంటుంది.

సిరంజి సంగతి: ప్రతిసారీ కొత్తది. సూది ఊడివచ్చే రకంలో రక్తం ఎక్కువ మిగిలిపోతుంది, సూది అతికి ఉండే ఇన్సులిన్ సిరంజిలో తక్కువ. వేడినీళ్లు, లైటర్ మంట నమ్మకండి. బ్లీచ్‌తో కడగడం ఏ దారీ లేనప్పుడే, అదీ కొత్త సూదికి సాటి రాదు.

మనుషుల సంగతి: వేరొకరి చేత పొడిపించుకుంటే వాళ్ల చేతికి ఏ రక్తం అంటిందో మీకు తెలీదు. ఆడవాళ్లకైతే ఎక్కువగా రెండో వంతే, భర్తో స్నేహితుడో వాడాక. ప్రేమ ఉన్నచోట సూది పంచుకోవడం తప్పనిపించదు. మొదటి వంతు అడగండి, మీ సూది మీరే తెచ్చుకోండి.

ఇక వరసగా.

చెంచా ఎవరిది వాళ్లదే.

దూది దాచుకోవద్దు.

ఒకరి సిరంజితో కొలిచి మిగతావాళ్ల సిరంజిల్లో పోయించుకోవద్దు. అందరూ మరిచేది ఇదే.

కండోమ్ వాడండి, ఇంట్లో కూడా.

పొరపాటు జరిగితే తెల్లారేదాకా ఆగొద్దు. హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి.

పొరపాటు జరిగిన వారానికే పరీక్ష చేయించుకుని నెగెటివ్ వచ్చిందని సంబరపడొద్దు. మూడు నెలలకు మళ్లీ చేయించాలి.

కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్‌కి కూడా పరీక్ష చేయించుకోండి. అది ఇంకా తేలిగ్గా అంటుతుంది, కానీ మాత్రలతో నయమవుతుంది.

మానలేకపోతున్నారా? మత్తు నల్లమందు జాతిదైతే నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ గురించి ప్రభుత్వ కేంద్రంలో అడగండి. సూది అవసరమే తగ్గిపోతుంది.

మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఆ మాట చెబుతోంది.

హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు.

నీళ్ల గ్లాసు వేరే పెట్టుకోండి. ఈ రాత్రి నుంచే.