బ్రాకెట్ల మధ్య ఉన్నదాన్ని పొరపాటు లేకుండా తీయడం

నేను రోజూ చూసే డేటాలో యంత్రాల నంబర్లు వాక్యం మధ్యలో, చదరపు బ్రాకెట్లలో ఉంటాయి: “మోటారు [12] ఆగింది, పంపు [7] తిరుగుతోంది”. ఆ నంబర్లను విడిగా ఒక కాలమ్‌లోకి తేవాలి.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ముందుగా తట్టేది ఫైండ్, అంటే వెతికిన గుర్తు వాక్యంలో ఎన్నో స్థానంలో ఉందో చెప్పే ఆదేశం. తెరిచే బ్రాకెట్ స్థానం కనుక్కుని, దానికి ఒకటి కలిపి, అక్కడి నుంచి మూసే బ్రాకెట్ దాకా కత్తిరించడం. వరుసకు ఒకే నంబరు ఉండి, అది తప్పకుండా ఉంటే ఇది చాలు. అసలు బ్రాకెట్లే లేని వరుస వచ్చినప్పుడే చిక్కు. వెతికింది దొరకకపోతే ఫైండ్ -1 ఇస్తుంది. ఒకటి కలిపేసరికి మొదలు 0 అవుతుంది, ముగింపు -1 గానే ఉంటుంది. ముగింపు -1 అంటే పైథాన్‌కు చివరి గుర్తుకు ముందు దాకా అని అర్థం కాబట్టి, చివరి గుర్తు తప్ప వాక్యమంతా వచ్చేస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. ఒకసారి నా కాలమ్‌లో “పంపు బాగుంద” అని కనిపించింది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో గుడి విడి గుర్తు కాబట్టి అదొక్కటే ఊడిపోయింది! అప్పటి నుంచి -1 వచ్చిందేమో చూసుకోకుండా కత్తిరించను.

వరుసలో నంబర్లు ఒకటికి మించి ఉంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే ఏ ఆకారంలో ఉన్నదాన్ని వెతకాలో చెప్పే నమూనా, వాడండి. ఇక్కడ చాలామంది రాసేది ఇది:

\[(.*)\]

బ్రాకెట్ ముందున్న వెనక్కి వాలిన గీత దాన్ని మామూలు గుర్తుగానే చూడమంటుంది. చుక్క అంటే ఏ గుర్తయినా, నక్షత్రం అంటే ఎన్నిసార్లయినా; ఈ రెండూ కలిస్తే అందినంత మేరా లాక్కుంటాయి. పై వాక్యంలో దీనికి చిక్కేది “12] ఆగింది, పంపు [7”. నక్షత్రం పక్కన ప్రశ్నార్థకం పెడితే మొదటి మూసే బ్రాకెట్ దగ్గరే ఆగుతుంది. కానీ టైపు చేసినవారు 12 తర్వాత బ్రాకెట్ మూయడం మరిచిపోతే అదీ 7 దాకా సాగిపోతుంది. అందుకే నాకు నచ్చినది:

\[([^\[\]]*)\]

లోపల ఏ బ్రాకెట్‌నూ రానివ్వవద్దని దీని అర్థం. దీన్ని ఫైండాల్‌కు, అంటే నమూనాకు సరిపోయినవన్నీ వెతికే ఆదేశానికి, ఇస్తే గుండ్రటి బ్రాకెట్లలో పట్టుకున్నవి మాత్రమే జాబితాగా వస్తాయి: 12, 7. మూయని 12 మాత్రం చప్పుడు లేకుండా జారిపోతుంది. కాబట్టి వరుసలో తెరిచే బ్రాకెట్లు ఎన్ని, దొరికినవి ఎన్ని అని లెక్కపెట్టి, తేడా ఉన్న వరుసలను పక్కకు తీసి కళ్లతో చూడండి. ఈ ఒక్క పనిని మాత్రం దయచేసి వదిలేయకండి.

రెండు వైపులా ఒకే గుర్తు, ఉదాహరణకు నిలువు గీత, ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. గుర్తు ఉన్నచోటల్లా వాక్యాన్ని విడగొట్టే స్ప్లిట్‌తో ముక్కలు చేయండి. బ్రాకెట్‌లో బ్రాకెట్ ఉంటే ఒక్కో అక్షరం చదువుతూ తెరిచినప్పుడు ఒకటి కలిపి, మూసినప్పుడు ఒకటి తీసేయండి. లెక్క సున్నాకు వచ్చిన చోటే ఆ ముక్క ముగుస్తుంది.