లిపిడ్ రిపోర్ట్ చదవడం నేర్చుకుందాం, 3వ భాగం: కొవ్వుకి తొడుగు ఎక్కడ పడుతుంది

కిందటి భాగంలో గ్లాసు నీళ్ళలో నూనె బొట్టు వేసి చూశాం కదా, ఎంత తిప్పినా మళ్ళీ పైకి తేలి ఒక్కచోటే చేరింది. రక్తంలో ఎక్కువ భాగం నీళ్ళే, మరి అందులో కొవ్వు ఎలా తిరుగుతోంది అన్న దగ్గర ఆగాం. ఇవాళ దానికి తొడుగు పడే చోటుకి వెళ్దాం, చివర్లో చిన్న లెక్క ఉంది, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందు గుండ్రంగా ఒక సున్నా చుట్టండి, రక్తంలో తిరిగే కొవ్వు రేణువు అదే. లోపల ట్రైగ్లిజరైడ్ (మామూలు కొవ్వు), కొలెస్ట్రాల్ ఎస్టర్ (కొవ్వు ఆమ్లం తగిలించిన కొలెస్ట్రాల్) అని రాయండి, ఇవి నీళ్ళంటే అస్సలు పడని బాపతు. అంచు చుట్టూ ఫాస్ఫోలిపిడ్‌లు ఒకే వరస, వీటికి నీళ్ళతో కలిసే తల, నూనెతో కలిసే తోక ఉంటాయి, తల బయటికి, తోక లోపలికి. ఒంట్లోని కణం (సెల్) పొరలాగే అనుకుని నేను మొదట్లో రెండు వరసలు గీసేవాణ్ణి, తప్పు, లోపలున్నది నూనె కాబట్టి రెండో వరసకి అక్కడ పనే లేదు. ఇప్పుడు అంచు మీద పొడుగ్గా దారంలా చుట్టుకున్న ఒక ప్రోటీన్ గీయండి, దాని పేరు అపోబి.

అసలు సంగతంతా ఈ అపోబి దగ్గరే ఉంది. లివర్‌లో తయారయ్యేది అపోబి-100, 4,536 అమైనో ఆమ్లాల పొడుగు. కణంలో ప్రోటీన్లు అల్లే రైబోజోమ్ దీన్ని అల్లుతూ అల్లుతూ ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల సంచిలోకి తోస్తుంటే, పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా ఎంటీపీ అనే ఇంకో ప్రోటీన్ కొవ్వు తెచ్చి దానికి ఎక్కిస్తూ ఉంటుంది. కొవ్వు అందలేదా, ఆ సగం అపోబిని కణమే ముక్కలు చేసి పారేస్తుంది, ఖాళీగా బయటికి పంపడం ఉండదు. నిండినదే వీఎల్‌డీఎల్, లివర్ పంపే కొవ్వు రేణువు, కణంలో సరుకు సర్ది పంపే గోల్గీ మీదుగా రక్తంలోకి వెళ్ళిపోతుంది. పుట్టుకతోనే ఎంటీపీ పనిచెయ్యని వాళ్ళకి ఈ రేణువులే తయారవ్వవు, కొవ్వుతో పాటు విటమిన్ ఇ కూడా ఒంటికి సరిగ్గా అందదు.

పేగులోనూ అదే జీన్, కానీ అక్కడ ఆర్ఎన్ఏలో ఒక్క అక్షరం మారుతుంది, సీఏఏ కాస్తా యూఏఏ అయిపోతుంది, అంటే స్టాప్, ప్రోటీన్ అల్లడం ఇక్కడితో ఆపెయ్యమనే గుర్తు. దాంతో 2,152 అమైనో ఆమ్లాల దగ్గరే ప్రోటీన్ ఆగిపోతుంది, మొత్తంలో దాదాపు 48 శాతం, అందుకే అపోబి-48. నాకు ఇది చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. దీంతో కట్టేది కైలోమైక్రాన్, తిన్న కొవ్వుని మోసే రేణువు, సైజు మరీ పెద్దది కాబట్టి పేగు దగ్గరి సన్న రక్తనాళాల్లో పట్టదు, లింఫ్ (ఒంట్లో రక్తనాళాలు కాక వేరే ద్రవం పారే నాళాలు) దారిలో పైకొచ్చి ఎడమ భుజం దగ్గర సిరలో కలుస్తుంది.

కొవ్వు బాగా తిన్నాక తీసిన రక్తంలో సీరం పాలు కలిపినట్టు తెల్లగా ఉండేది వీటివల్లే. ఆ ట్యూబ్‌ని రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే పైన మీగడలా తేలేది కైలోమైక్రాన్లు, కింద మబ్బుగా మిగిలితే అది వీఎల్‌డీఎల్.

ఒక రేణువుకి ఒక్కటే అపోబి, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. వీఎల్‌డీఎల్ దారిలో ట్రైగ్లిజరైడ్ దించేసుకుంటూ చిక్కిపోయి, కొన్ని చివరికి ఎల్‌డీఎల్ అయినా ఆ పాత అపోబి అలాగే ఉంటుంది. రిపోర్ట్‌లో ఎల్‌డీఎల్ 130 అంటే ఆ రేణువుల్లో ఉన్న కొలెస్ట్రాల్ బరువు, రేణువులు ఎన్నో కాదు, ఎన్నో తెలియాలంటే అపోబి టెస్ట్ చెయ్యాలి.

ఇక లెక్క. టోటల్ కొలెస్ట్రాల్ 200, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే అది) 40, ట్రైగ్లిజరైడ్ 150, అన్నీ డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో. 150ని 5తో భాగిస్తే 30, అది వీఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ అంచనా. 200లోంచి 40, 30 తీసెయ్యండి, ఎల్‌డీఎల్ 130.

ట్రైగ్లిజరైడ్ 400 దాటితే మాత్రం ఈ లెక్క వాడరు. ఎందుకో మీరే ఆలోచించి రాసుకోండి, ఆ తెల్లటి ట్యూబ్‌ని ఒకసారి గుర్తుచేసుకుంటే దారి దొరుకుతుంది, జవాబు 4వ భాగం మొదట్లో చూద్దాం.