తుఫాన్ల ముందు రేకులు వేయిస్తున్నారా?

కోస్తాలో అక్టోబరు, నవంబరు వచ్చాయంటే వాయుగుండం కబుర్లే. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. ఆ నెలలు రాకముందే పాత కప్పు దించి రేకులు వేయించేద్దామని చాలామంది కొట్టుకు పరిగెత్తుతారు. అక్కడ అడిగేది రంగు, రేటు. బోల్టుల గురించి అడిగేవాళ్లు తక్కువ.

తుఫానులో గాలి కప్పును పైకి లాగుతుంది. తలుపో కిటికీయో ఊడిందంటే లోపలికి దూరిన గాలి కింద నుంచి కూడా తోస్తుంది. కట్టడాలకు గాలి లెక్కలు చెప్పే ఐ.ఎస్. 875 ప్రకారం విశాఖలో సెకనుకు 50 మీటర్ల గాలిని, అంటే గంటకు 180 కిలోమీటర్లను లెక్కలోకి తీసుకోవాలి. ఆ వేగానికి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. పదడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న రేకుకైతే అది 490 కిలోల దాకా వస్తుంది. మామూలు ఇనుప రేకు బరువు చూస్తే పదిహేను కిలోలు ఉంటే గొప్ప. ఇక దాని మీద పెట్టే రెండు ఇసుక బస్తాలు ఏ మూలకి? రాళ్లు, ఇటుకలు అసలు పెట్టొద్దు, అవి ఎవరి నెత్తిన పడతాయో చెప్పలేం.

అందుకే రేకు ఎంత మంచిదైనా దాన్ని పట్టి ఉంచేవి బిగింపులే. రేకు తన కింద ఉండే ఇనుప పైపును, ఆ పైపు గోడను గట్టిగా పట్టుకోవాలి. గోడ మీద పైపులు పెట్టి రెండు ఇటుకలతో కప్పేసి సిమెంటు పూస్తే కప్పు మొత్తం ఒక్క ముక్కగా లేచిపోతుంది. గోడ పైన కాంక్రీటు బెల్టు వేసి, అందులోంచి తీసిన ఊచకో బోల్టుకో పైపును బిగించమని మేస్త్రికి ముందే చెప్పండి. స్క్రూ రేకు గట్టు మీద పడాలి, పల్లంలో పడితే వాన నీళ్లు అక్కడే కారతాయి. రబ్బరు వాషరు తప్పనిసరి. గాలి లాగుడు ఎక్కువగా ఉండేది చూరు దగ్గర, నడికొప్పు దగ్గర, పక్క అంచుల్లో. అక్కడ ప్రతి గట్టుకీ ఒక స్క్రూ వేయించండి. చూరు అడుగున్నర దాటి బయటికి చాచొద్దు. వరండా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా వేయిస్తే, అది లేచినా ఇల్లు మిగులుతుంది.

ఇక ఏ రేకు? సముద్రం దగ్గరైతే జింకు పూత పల్చగా ఉన్న ఇనుప రేకు ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడుతుంది, ముందుగా స్క్రూ కన్నాల చుట్టూ. కన్నం పెద్దదైతే వాషరు ఉన్నా లాభం లేదు. అల్యూమినియం, జింకు కలిపిన పూత రేకు ఖరీదెక్కువైనా ఎక్కువ కాలం నిలుస్తుంది. మందం ఎన్ని మిల్లీమీటర్లో, పూత ఎన్ని జీఎస్‌ఎమ్మో (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో) బిల్లులో రాయించుకోండి. నోటిమాట ‘హెవీ రేకండీ’ నమ్మొద్దు.

సిమెంటు రేకులు ఎండకు కాస్త నయమే గానీ పెళుసు. ఉద్దానంలో తిత్లీకి కొబ్బరి చెట్లు కూలినట్టు మీ చెట్టు కూలితే ముక్కలే మిగులుతాయి. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటే ఆ దుమ్ము క్యాన్సర్ తెస్తుంది. పొడిగా కోయొద్దు. విరిగిన ముక్కల్ని తడిపి, మాస్కు కట్టుకుని ఎత్తండి. కొత్త ఇంటికైతే నేను వాటి జోలికి పోవద్దనే అంటాను. ఉన్నవాళ్లు మాత్రం నేరుగా రేకు మీద కాలు పెట్టకండి. కింద పైపులు ఎక్కడున్నాయో చూసి, వాటికి అడ్డంగా పలక వేసుకునే నడవాలి. వానకు తడిసిన రోజున అసలు ఎక్కొద్దు.

పెంకులు బరువైనా విడివిడిగా లేస్తాయి. చూరు వరుసనైనా తీగతో కట్టించి, నడికొప్పు పెంకులకు సిమెంటు పెట్టించండి.

డబ్బు సరిపోక ఇల్లంతా శ్లాబు వేయలేకపోతే తుఫానులో తలదాచుకోవడానికి ఒక్క గదికైనా వేయించండి, స్నానాల గదైనా సరే. అంతకన్నా ముందు అధికారులు ఖాళీ చేయమంటే తుఫాను షెల్టరుకే వెళ్లండి. గాలి ఒక్కసారిగా ఆగిపోతే అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి అవతలి దిక్కు నుంచి మళ్లీ అంతే వేగంగా కొడుతుంది. ఆ సందులో రేకు సరిచేద్దామని నిచ్చెన వేయకండి.