తొలి నవలతో జనంలోకి – నాలుగో పాఠం: వాక్యాన్ని చివరిదాకా వినిపించడం

పోయిన పాఠం చివర, ఈసారి మైకు గురించీ పఠనం తర్వాత వచ్చే ప్రశ్నల గురించీ చెబుతానని రాశాను. అవి చెబుతాను. కానీ మీరు పంపిన రికార్డింగులు వరసగా విన్నాక, వాటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉందని అర్థమైంది. ఈ పాఠంలో ఎక్కువ చోటు దానికే.

ముందు ఎంపిక. ‘పది నిమిషాల్లో చదవగలిగిన భాగం ఎంచుకోండి’ అన్నాను. చాలామంది నవలలోని పతాక సన్నివేశాన్ని ఎంచుకున్నారు. ఎందుకో తెలుసు. అన్నిటికంటే ఎక్కువ కష్టపడి రాసింది అదే కాబట్టి. కానీ ఆ సన్నివేశానికున్న బలమంతా దానికి ముందున్న పేజీల నుంచి వచ్చింది. మీ ఎదుట కూర్చున్నవారు ఆ పేజీలు చదవలేదు. పేరున్న రచయిత చదువుతుంటే సభలో కొందరికైనా ఆ లోకం ముందే పరిచయం ఉంటుంది. తొలి నవలకు ఆ సౌకర్యం లేదు. మీ కథానాయిక పేరు కూడా వాళ్లు మొదటిసారి వింటున్నారు. అందుకే మీరు సన్నివేశానికి ముందు మూడు నిమిషాలు ఉపోద్ఘాతం చెప్పవలసి వచ్చింది: ఎవరు ఎవరికి మేనమామ, ఇల్లు ఎందుకు తాకట్టులో ఉంది, ఉత్తరం ఎవరు దాచారు. ఆ మూడు నిమిషాల్లోనే శ్రోత అలసిపోతాడు.

కొలమానం ఇది. చదవబోయే భాగానికి ఉపోద్ఘాతం రెండు వాక్యాల్లో ముగియాలి. ‘తండ్రి పోయిన పదో రోజు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఇంట్లో ఉన్న పాత పెట్టె తెరుస్తున్నారు.’ ఇంతే. ఇంతలో ఇమడకపోతే ఆ భాగం పుస్తకంలో ఎంత బాగున్నా సభకు పనికిరాదు, పక్కన పెట్టండి. ఇద్దరు మనుషులు, లేదా ముగ్గురు, ఒకే చోటు, వాళ్ల మధ్య తేలవలసిన విషయం ఒకటి. ఇలాంటి భాగం సాధారణంగా నవల మొదటి మూడోవంతులో దొరుకుతుంది. తేలకముందే ఆపేయండి. పెట్టెలో ఏముందో చెప్పి కూర్చుంటే, అది తెలుసుకోవడానికి పుస్తకం తెరవవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

పది నిమిషాలంటే ఉపోద్ఘాతంతో కలిపి పది. నిర్వాహకులు ఇరవై ఇచ్చినా నా సలహా పదే. మిగిలిన సమయం శ్రోతలది.

ఇక అసలు సంగతి. దాదాపు ప్రతి రికార్డింగులోనూ వాక్యం చివర వినిపించలేదు. గొంతు బాగుంది, ఉచ్చారణ బాగుంది, భావం ఉంది. వాక్యం మొదలు నిండుగా వస్తుంది, మధ్యలో నిలకడగా ఉంటుంది, చివరి మాట దగ్గరకు వచ్చేసరికి గాలిలో కలిసిపోతుంది. ఇది చిన్న లోపం కాదు. తెలుగులో చదివేవాళ్లకైతే ఇంతకంటే పెద్ద లోపం లేదంటాను.

తెలుగు వాక్యం ఎక్కడ తేలుతుందో చూడండి. క్రియ చివర ఉంటుంది. జరిగిందో లేదో చెప్పేది ఆ క్రియ తోక. ‘ఇచ్చింది’, ‘ఇవ్వలేదు’. ‘వస్తాడు’, ‘రాడు’. ప్రశ్న అయినా అక్కడే: ‘వెళ్లింది’, ‘వెళ్లిందా’. కళ్లారా చూసినదా, ఎవరో చెప్పినదా అన్నది కూడా అక్కడే: ‘వెళ్లింది’, ‘వెళ్లిందట’. సందేహం అక్కడే: ‘వెళ్లిందేమో’. అంతవరకూ చెప్పినదాన్నంతా ఒక్క అక్షరం తలకిందులు చేయగలదు. ఆ అక్షరాన్నే మీరు మింగేస్తున్నారు. పుస్తకంలో చదివేవాడు మళ్లీ వెనక్కి చూసుకుంటాడు. వినేవాడికి వెనక్కి వెళ్లే దారి లేదు. ఆమె ఉత్తరం ఇచ్చిందో ఇవ్వలేదో ఊహించుకుంటూ ఉండగానే మీరు తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోతారు. అలాంటివి రెండు మూడు పోగైతే కథ జారిపోతుంది. అయినా ఎవరూ లేచి వెళ్లరు, మర్యాదగా వింటున్నట్టే కూర్చుంటారు. చివర చప్పట్లు కూడా కొడతారు. అందుకే ఈ లోపం చదివినవాళ్లకు ఎన్నటికీ తెలియదు.

ఎందుకు జరుగుతుంది? మొదటి కారణం ఊపిరి. మీ వాక్యాలు కంటి కోసం రాసినవి, పొడవైనవి. చివరికి వచ్చేసరికి ఛాతీలో గాలి ఉండదు. రెండోది కన్ను. నోరు చివరి మాట పలుకుతుండగానే కన్ను తర్వాతి వాక్యం మొదటికి దూకుతుంది, ధ్యాస దాని వెంటే పోతుంది. మూడోది అన్నిటికంటే మొండిది. ఆ వాక్యం మీరు రాసినది. చివర ఏముందో మీకు తెలుసు. తెలిసినదాన్ని తేలిగ్గా పలికేయడం మనిషి స్వభావం. వేరొకరి నవల ఇస్తే మీరే చక్కగా చదువుతారు. కావాలంటే ప్రయత్నించి చూడండి.

ఊపిరికి మందు గుర్తులు. చదివే ప్రతిలో ప్రతి పొడవైన వాక్యంలోనూ చివరి పదబంధానికి ముందు పెన్సిలుతో నిలువు గీత పెట్టండి. అక్కడ ఊపిరి తీసుకుంటారు. కంటికి మందు వేలు. పలుకుతున్న మాట కిందే వేలు ఉంచండి. చిన్నపిల్లల అలవాటని మొహమాటపడకండి, బల్ల మీది కాగితం సభకు కనిపించదు. మూడోదానికి సాధన తప్ప మరో దారి లేదు. ఆ సాధన పాఠం చివర ఉంది.

ఒక హెచ్చరిక. ఈ మాట చెప్పగానే కొందరు చివరి క్రియను గట్టిగా అరవడం మొదలుపెడతారు. అది మరీ ఘోరం. గొంతు పెంచమనడం లేదు, ఆ మాటకు దక్కవలసిన వ్యవధి ఇవ్వమంటున్నాను. ‘ఇవ్వలేదు’లో నాలుగు అక్షరాలున్నాయి. నాలుగూ పలకండి. పలికాక ఒక క్షణం ఆగండి. మెల్లగా చెప్పినా చివరి వరుసకు అందుతుంది.

ఇక్కడే ‘చదివే ప్రతి’ అంటే ఏమిటో స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది పుస్తకం తెరిచి నేరుగా చదివేశారు. సభలో చదివే పాఠం పుస్తకంలోని పాఠం కాదు, కాకూడదు. చార్లెస్ డికెన్స్ 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్ టౌన్‌హాల్లో ‘ఎ క్రిస్మస్ కారల్’ను మొదటిసారి జనం ముందు చదివినప్పుడు సుమారు మూడు గంటలు పట్టింది. ఆ తర్వాత ఆయన దాన్ని కత్తిరిస్తూనే పోయారు. అచ్చు పుస్తకం పేజీలను పెద్ద కాగితాల్లో అమర్చి కుట్టించుకుని, ఆ వెడల్పాటి అంచుల్లో ఏ గొంతుతో పలకాలో, ఎక్కడ చెయ్యి కదపాలో తనకు తాను సూచనలు రాసుకున్నారు. వర్ణనలు కొట్టేశారు, వాక్యాలు కలిపారు, మార్చారు. ఆ ప్రతి ఇప్పటికీ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. అప్పటికే లోకమంతా చదివిన కథకే అంత కోత పడితే, ఎవరూ చదవని తొలి నవలకు ఎంత కావాలో ఆలోచించండి.

కోత ఎలా ఉంటుందో చూపిస్తాను. పుస్తకంలో ఇలా ఉందనుకుందాం:

‘నాన్న సంతకం ఉన్న ఆ కాగితాన్ని, ఇన్నేళ్లుగా పెట్టె అడుగున, అమ్మ పాత చీరల మడతల్లో, ఎవరి కంటా పడకుండా దాచిన ఆ కాగితాన్ని, అన్నయ్య చెయ్యి చాచి అడిగినప్పుడు ఆమె ఇవ్వలేదు.’

కంటికి ఇది మంచి వాక్యం. చెవికి మాత్రం మొదటి నుంచి చివరిదాకా కాగితాన్ని మోస్తూ నిలబడాలి. చదివే ప్రతిలో ఇలా మారుస్తాను:

‘అన్నయ్య చెయ్యి చాచాడు. ఆ కాగితం అడిగాడు. ఆమె ఇవ్వలేదు. నాన్న సంతకం ఉన్న కాగితం. ఇన్నేళ్లుగా అమ్మ పాత చీరల మడతల్లో దాచింది.’

‘ఎవరి కంటా పడకుండా’ పోయింది. దాచింది అన్నాక అది అక్కర్లేదు. ‘పెట్టె అడుగున’ కూడా పోయింది, పెట్టె సంగతి ఉపోద్ఘాతంలోనే చెప్పారు. ‘ఇవ్వలేదు’ మాత్రం వాక్యం బరువు నుంచి బయటపడి విడిగా నిలబడింది. ఇప్పుడు మింగాలన్నా మింగలేరు.

సంభాషణలది మరో చిక్కు. అచ్చులో కొత్త పేరా, కొటేషన్ గుర్తులు ఎవరు మాట్లాడుతున్నారో చెబుతాయి. చెవికి అవేవీ లేవు. పైగా మనం ‘అన్నాడు’, ‘అంది’ మాట తర్వాత పెడతాం. మాట మొత్తం విన్నాక గానీ అది ఎవరిదో తెలియదు. చదివే ప్రతిలో మాట్లాడే మనిషిని ముందుకు తెండి. ‘“అది నీ దగ్గరే ఉందని నాకు తెలుసు” అన్నాడు అన్నయ్య’ బదులు, ‘అన్నయ్య ఆమె వైపు చూడలేదు. “అది నీ దగ్గరే ఉందని నాకు తెలుసు.”’ చిన్న కదలిక ఒకటి ముందు పెడితే ‘అన్నాడు’ అక్కర్లేదు. గొంతులు మార్చి నటించవలసిన పని అసలే లేదు. నటన వచ్చినవాళ్లు చేయవచ్చు. నాకు మాత్రం సాదాగా చదివేవాళ్లే ఇష్టం.

కాలం మారిన చోట అచ్చులో ఖాళీ వరుస ఉంటుంది, దాన్ని మీరు నిశ్శబ్దంగా చదవాలి. మనసులో మూడు లెక్కపెట్టి, తల ఎత్తి చూసి, మళ్లీ మొదలుపెట్టండి.

మార్చిన పాఠాన్ని పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే ముద్రించుకోండి. వాక్యం మధ్యలో పేజీ తిప్పవలసి రాకూడదు. ఫోనులో చూసి చదవకండి. నేనైతే ఆ కాగితాలను నవల మధ్యలో ఉంచి చదవమంటాను. మీ చేతిలో పుస్తకం కనిపిస్తుంది, అట్ట కనిపిస్తుంది, చూపించడానికి వేరే ప్రయత్నం అక్కర్లేదు.

ఇక చెబుతానన్నవి. మైకు నోటికి మరీ దగ్గరగా వద్దు, జానెడు దూరం చాలు. నేరుగా ఎదురుగా కాకుండా కాస్త పక్కగా ఉంటే ‘ప’, ‘ఫ’ పేలవు. సభకు అరగంట ముందే వెళ్లి, చదవబోయే పేజీనే చదివి చూడండి. ‘హలో, వినిపిస్తోందా’ అంటే ఏమీ తెలియదు. చివరి వరుసలో ఒకరిని కూర్చోబెట్టి వాక్యాల చివరలు అందుతున్నాయా అని అడగండి. మైకు లేని కాలంలో డికెన్స్ కూడా కొత్త హాల్లో చదివే ముందు, తన పర్యటనలు చూసే డాల్బీని హాలు మూలమూలలకూ నడిపించి, తాను బల్ల దగ్గర నిలబడి మాట ఎక్కడిదాకా అందుతోందో పరీక్షించుకునేవారు.

వచ్చేవాళ్లు తక్కువని తెలిస్తే అదనపు కుర్చీలు ముందే తీసేయించండి. యాభై కుర్చీల్లో పన్నెండుగురు కూర్చుంటే సభ విఫలమైనట్టు అనిపిస్తుంది, పన్నెండు కుర్చీల్లో పన్నెండుగురు కూర్చుంటే అది మంచి గోష్ఠి. గ్రంథాలయంలోనైనా పుస్తకాల దుకాణంలోనైనా చిన్న గుంపుకు వేదిక ఎక్కకండి, వాళ్ల మధ్యే కూర్చుని చదవండి.

ప్రశ్నలు. ‘ఎవరికైనా ప్రశ్నలున్నాయా?’ అంటే మౌనమే సమాధానం. దానికి బదులు ‘రాత ప్రతి చదివిన ఒకరు, చెల్లెలికి ఆ కాగితం దాచే హక్కు ఉందా అని అడిగారు’ అని మొదలుపెట్టి, దానికి సగం సమాధానం చెప్పి ఆగండి. నిజంగా ఎవరో అడిగిన ప్రశ్నే చెప్పండి, కల్పించకండి. మిగతా సగం శ్రోతలు అందుకుంటారు. ‘ఇది మీ సొంత కథేనా?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. నొచ్చుకోకండి, దాటవేయకండి. నిజంలోంచి తీసుకున్నది ఒకటి, పూర్తిగా కల్పించినది ఒకటి చెప్పండి. ఇంట్లోవాళ్లకు ఇబ్బంది కలిగించే వివరమైతే అది మీలోనే ఉంచుకోండి.

సంతకం చేసేటప్పుడు పేరు ఎలా రాయాలో అడిగి, ముందు చిన్న చీటీ మీద రాసి చూపించి, ఆ తర్వాతే పుస్తకంలో రాయండి. డబ్బు తీసుకునే పని మరొకరికి అప్పగించండి.

సాధన. చదివే ప్రతి మొత్తం, పది నిమిషాలూ, మీ నవల చదవని ముగ్గురికి వేరువేరుగా వినిపించాలి. వినేవారు గదికి అవతలి చివర మీకు వీపు పెట్టి కూర్చుంటారు, చేతిలో కాగితం, కలం. మీరు చదివిన ప్రతి వాక్యంలోనూ చివరి మాట వాళ్లు రాయాలి. వాళ్ల కోసం వేగం తగ్గించకండి, సభలో ఎవరూ రాసుకోరు. రాయలేకపోయిన చోట చుక్క పెట్టి ముందుకు వెళ్లమని చెప్పండి. తర్వాత వాళ్ల జాబితాను మీ ప్రతితో పోల్చండి. ముగ్గురి జాబితాల్లోనూ చుక్క పడిన చోటు వాక్యం పొడవుది, దాన్ని విడగొట్టండి. ఒక్కరికే పడితే అది మీ గొంతుది, అక్కడ గీత పెట్టి మళ్లీ చదవండి. తప్పు విన్న మాటలను విడిగా రాసుకోండి, ముఖ్యంగా ‘లేదు’ పోయి ‘ఉంది’గా వినపడినవి. చుక్కలు లేని జాబితా ఒక్కటైనా వచ్చేవరకు ఇదే చేయండి. మొదటి జాబితా, చివరి జాబితా, చివరిసారి చదివిన రికార్డింగు, ఈ మూడూ కలిపి పంపండి. జాబితాలు లేకుండా వచ్చిన రికార్డింగులు ఈసారి వినను.

అయిదో పాఠం నిర్వాహకులకు ఉత్తరం రాయడం గురించి.